ద్వీపంలో మేం దిగని ఇల్లు

నేను కంటి డాక్టర్‌ను. కడపలో పద్దెనిమిదేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. కంట్లో పసరు పోయొద్దని, దిష్టి తీస్తే చూపు తిరిగి రాదని పల్లెపల్లెకూ తిరిగి చెప్పినదాన్ని. దయ్యాలు, పూనకాలు, జరగబోయేది ముందే తెలియడాలు, వీటిలో ఏ ఒక్కటీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా రాయలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయన మధుది నాపరాళ్ళ వ్యాపారం. ఆయనకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు శివ. శివకు బనగానపల్లె దగ్గర మామిడి తోటలున్నాయి. ఆరేళ్ళ కిందట అండమాన్‌కు పోయినప్పుడు మేమిద్దరం, శివ, అతని భార్య హేమ, నలుగురం కలిసి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. వానే సరిగా పడని ఊళ్ళవాళ్ళకు ఈ సముద్రం పిచ్చి ఏంటని మా చుట్టాలు నవ్వేవాళ్ళు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట నీళ్ళలో దిగుతూనే ఉన్నాం.

రెండేళ్ళ కిందట కరీబియన్‌లో ఒక చిన్న ద్వీపానికి పోదామనుకున్నాం. దాని పేరు రాయను. అక్కడివాళ్ళు మాకు ఏ చెడూ చేయలేదు.

ఆ ద్వీపంలో పడవ ఎక్కాల్సిన పని లేదు. ఒడ్డు నుంచే నీళ్ళలోకి నడిచిపోయి మునగవచ్చు. అందుకే ఎక్కడ బస దిగుతామన్నది ముఖ్యం. గాలి సిలిండర్లు మోయాలి, వచ్చాక ఉప్పునీళ్ళు పోయేలా సామానంతా కడుక్కోవాలి, ఒంటికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్లు ఆరేసుకోవాలి. నాలుగు రోజులు నెట్‌లో వెతికి చివరికి రెండు చోట్లు తేల్చాం. ఒకటి జెట్టీ పక్కన హోటల్. రెండోది ఊరికి దూరంగా, రోడ్డు దాటితే సముద్రమే అన్నట్టున్న ఒక పాత ఇల్లు. ఇల్లు నాకు నచ్చింది. చుట్టూ బ్రహ్మజెముడు కంచె, ఎర్రమట్టి పెరడు. అచ్చం మన సీమ ఇల్లులాగే ఉంది.

అదే రోజుల్లో మా పెద్దమ్మ ఓబులమ్మ మా ఇంట్లో ఉంది. కమలాపురం దాటాక ఒక పల్లె ఆమెది. ఎడమకన్ను నీటికాసుల జబ్బుతో (గ్లాకోమా) పోయి చాలా ఏళ్ళయింది. మిగిలిన కుడికంటికి శుక్లం వస్తే నేనే ఆపరేషన్ చేశాను. అది చేసిన రోజే ఈ సంగతి. కుడికంటికి ప్యాడ్ పెట్టి, ప్లాస్టర్ వేసి, పైన కవచం అతికించింది నేనే. ఆమెకు ఆ సాయంత్రం వెలుగు కూడా తెలిసే అవకాశం లేదు.

ఐదు గంటలప్పుడు మధు భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకొని ఆ ఇంటి వివరాలు చదువుతున్నాడు. వంటిల్లు ఉంది, పెరట్లో సామాన్లు కడిగే తొట్టి ఉంది, ఇంత దూరంలో సిలిండర్లు నింపే చోటుంది, అని. పెద్దమ్మ ల్యాప్‌టాప్‌కు వెనకవైపు, గోడవారగా మంచం మీద వెల్లకిలా పడుకొని ఉంది.

ఉన్నట్టుండి ఆమె అంది. "మేయ్ పాపా, ఆ చిలకపచ్చ తలుపుల ఇంట్లో దిగొద్దండి."

"ఏ ఇల్లు పెద్దమ్మా?" అన్నాను.

"అదే, మీరు సూస్తాండారే. ఎనకపక్క వసారాలో చాపకింద బాయి ఉండాది. మూత మెత్తబడిండాది."

మధు నవ్వాడు. "ఆ ఇల్లు కమలాపురంలో లేదు పెద్దమ్మా, సముద్రాల అవతల ఉండాది."

"యాడుంటే ఏం నాయనా, బాయి బాయే గదా," అని ఆమె మంచినీళ్ళు అడిగింది.

నేను లేచి పోయి తెర చూశాను. పద్నాలుగు ఫోటోలున్నాయి. రెండింటిలోనే తలుపులు కనిపిస్తున్నాయి. చిలకపచ్చ రంగు. అంతవరకు మధు రంగు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వెనక వసారా ఫోటోలో నేలమీద ఒక చాప ఉంది. బావి అయితే ఎక్కడా లేదు.

ఆపరేషన్ రోజు పెద్దవయసువాళ్ళు కాస్త తికమకగా మాట్లాడటం మామూలే. మాటల్లో ఎప్పుడో రంగు చెప్పి మరిచిపోయి ఉంటామనుకున్నాను. అయినా ఊరుకోలేక మర్నాడు ఇంటి యజమానికి ఒక ఈమెయిల్ పెట్టాను. ఇంట్లో బావిలాంటిదేమైనా ఉందా అని.

రెండు రోజులకు జవాబు వచ్చింది. వెనక వసారా కింద బావిలా లోతుగా తవ్విన పాతకాలపు నీటి తొట్టి ఉందట. పైకప్పు మీద పడిన వాన నీళ్ళను పట్టుకోవడానికి ఆ ద్వీపంలో పాత ఇళ్ళన్నిటికీ ఉండేదట. ఎప్పుడో చెక్కమూత వేసి మూసేశారట. చివర్లో ఒక మాట రాశాడు. ఈ సంగతి నేను ఎక్కడా రాయలేదే, మీకెలా తెలిసింది అని.

ఆ జవాబు మధుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి ల్యాప్‌టాప్ మూసేశాడు. "హోటల్ తీసుకుందాం," అన్నాడు.

ఇక్కడి నుంచి తప్పు నాది.

హేమకు ఫోన్ చేసి హోటల్‌కు మారుతున్నామని చెప్పాను. జెట్టీ దగ్గరే కాబట్టి మోత తగ్గుతుందని ఒక సాకు చెప్పాను.

"అయితే ఆ ఇల్లు మేం తీసుకుంటాం అక్కా," అంది హేమ. "వంటిల్లు ఉండాది గదా. మూడు రోజులు బ్రెడ్డు తింటే నాలుగో రోజు ఈయన ముఖం సూడలేం. రెండు కిలోల బొరుగులు కట్టుకొని పోతా, నానబెట్టి తాలింపేసి ఉగ్గాని చేసుకుంటాం."

చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పాలి? కళ్ళకు కట్టుకట్టిన మా పెద్దమ్మ చూసి చెప్పిందనా? వాళ్ళ తోటలో కూలీల కోసం నేనే కంటి క్యాంపు పెట్టాను. మూఢనమ్మకాలు వద్దని ఆ రోజు మైకులో మాట్లాడింది నేనే. హేమ ముందు వరుసలో కూర్చొని విన్నది. కనీసం వసారా కింద తొట్టి ఉందని, జాగ్రత్తని చెప్పవచ్చు. అది చెబితే మేం ఎందుకు మారామో అడుగుతుందని భయం. సరే తీసుకోండి అని ఫోన్ పెట్టేశాను.

ద్వీపానికి పోయిన మొదటి రోజే వాళ్ళ ఇంటికి భోజనానికి పోయాం. హేమ వంటింట్లో ఉన్నప్పుడు నేను వెనక వసారాలోకి పోయి చాప అంచు ఎత్తాను. కింద చదరంగా చెక్కమూత ఉంది. కాలితో గట్టిగా తొక్కి చూశాను. పొడిగా, గట్టిగా ఉంది. కొంచెం కూడా కదల్లేదు. నా గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. చాప మళ్ళీ సరిచేసి వచ్చి అన్నం తిన్నాను.

ఆ వసారాలో దండెం కట్టి ఉంది. తడి వెట్‌సూట్లు అక్కడే ఆరేసేవాళ్ళు. రోజుకు రెండు మూడు సార్లు. ఆ నీళ్ళన్నీ కారేది ఆ చాప మీదకే. అది నాకు తట్టలేదు.

ఐదో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు మేం ఒక మునక వేసి వచ్చి, రెండోదానికి వాళ్ళకోసం జెట్టీ మీద చూస్తున్నాం. హేమ ఫోన్ చేసింది. మాట సరిగా రాలేదు. "అక్కా, పడిపోయినాడు, లోపలికి పడిపోయినాడు," అని మాత్రం అర్థమైంది.

మేం పోయేసరికి పక్కింటివాళ్ళు ఇద్దరు తాడుతో శివను పైకి లాగి వసారాలో పడుకోబెట్టారు. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. దగ్గుతున్నాడు. పక్కన చదరంగా నల్లటి కంత. చాప సగం అందులోకి వేలాడుతోంది. విరిగిన చెక్క ముక్కను చేత్తో పట్టుకున్నాను. పైన పలచటి పొర తప్ప అడుగంతా ఎప్పుడో పుచ్చి, తడిసిన అట్టలా వేళ్ళకింద నలిగిపోయింది.

వసారా కప్పు మీద పడిన వాన నీళ్ళు ఇన్నేళ్ళూ ఆ తొట్టిలోకే పోతున్నాయట. శివ నిలబడినా తల మునిగేంత లోతు. పైగా అతను ఇంట్లోనే వెట్‌సూట్ వేసుకుని, నడుముకు సీసం బెల్టు కట్టుకుని బయల్దేరాడు. మనిషిని నీళ్ళలో కిందికి దింపడానికే ఆ బెల్టు. కాలు విరిగి, ఆ బరువుతో చీకట్లో అడుగుకు పోయాడు.

ఆస్పత్రిలో కాలికి రాడ్డు వేశారు. మర్నాడు హేమ మందులకు పోయినప్పుడు శివ నన్ను దగ్గరికి పిలిచాడు.

"వదినా, ఒకటి చెప్తా, నవ్వొద్దు. నీళ్ళలో ఎవరో ముసలామె మాట్లాడింది."

"ఏమని?"

"మన మాటే. 'నడుముది ఇప్పప్పా, ఇప్పు' అనింది. చెవి పక్కనే అన్నట్టు ఉండాది. అంతవరకు నాకు బెల్టు ఉండాదనే గుర్తు లేదు. గోడలు గీరుకుంటా ఉన్నా. ఆ మాట విన్నాకే చెయ్యి నడుము మీదికి పోయింది, బెల్టు ఊడదీస్తే పైకి తేలినా."

నేను డాక్టర్‌నే కదా. గాలి అందనప్పుడు మెదడు ఇలాంటివి చేస్తుందని, ప్రమాదంలో బెల్టు వదిలేయాలని శిక్షణలో నేర్పిందే అతనికి ఆ రూపంలో గుర్తుకొచ్చిందని చెప్పాను. శివ తలూపాడు. నేను చెప్పింది నేనే సగం నమ్మాను.

కడపకు వచ్చిన పది రోజులకు పెద్దమ్మకు కళ్ళద్దాలు ఇవ్వడానికి వాళ్ళ ఊరికి పోయాను. కన్ను బాగుంది. దూరంగా ఉన్న మేకలను లెక్కపెట్టి చూపించింది. ఆమె కోడలు రామలక్ష్మి నన్ను గేటుదాకా సాగనంపుతూ, నేనేమీ అడక్కుండానే ఒక మాట చెప్పింది.

"అక్కా, అత్తకు మతి ఏమన్నా తప్పుతాండాదా? ఆపరేషన్ వల్ల అట్ల అయితాదా?"

"ఏమైంది?"

"మీరు ఊర్లో లేనప్పుడు ఒక దినం, దీపాలు పెట్టే యాళప్పుడు, అరుగు మీద కూకొని ఉన్నట్టుండి అరిసింది. 'నడుముది ఇప్పప్పా, ఇప్పు' అని. చీర బిగుతయిందేమో అని నేను పోయి వదులు సేస్తి. నన్ను తోసేసింది. ఎదురుగా ఎవురూ లేరు."

ఏ రోజని అడిగాను. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజంది. ట్యాంకరు ఎప్పుడు వచ్చిందంటే మంగళవారమో బుధవారమో అంది. శివ పడింది మంగళవారం. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర అంటే ఇక్కడ సాయంత్రం ఏడు. అయితే రామలక్ష్మికి వారం ఖచ్చితంగా గుర్తు లేదన్న సంగతి కూడా నేను ఇక్కడ రాయాలి.

మళ్ళీ లోపలికి పోయి పెద్దమ్మను అడిగాను. ఆ ఇంటి గురించి నీకెలా తెలిసింది, ఆ సాయంత్రం ఎవరితో మాట్లాడావు అని. ఆమె కొత్త కళ్ళద్దాల్లోంచి నన్ను వింతగా చూసింది.

"నేనేమంటి పాపా? యా ఇల్లు? నాకేం గుర్తు లేదే." తర్వాత, "సముద్రం నీళ్ళు నిజంగా అంత ఉప్పగా ఉంటాయా?" అని అడిగింది.

ఆ వారమే బనగానపల్లెకు పోయి శివకు, హేమకు అంతా చెప్పేశాను. పెద్దమ్మ అన్న మాట, యజమాని జవాబు, నేను చాప ఎత్తి చూడటం, రామలక్ష్మి చెప్పింది. ఏదీ దాచలేదు. శివ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. హేమ మాత్రం నా ముఖంలోకే చూసింది.

"మీ పెద్దమ్మ మాట పక్కన పెట్టు అక్కా. తొట్టి ఉండాదని నీకు తెలుసు. ఒక్క మాట చెప్పింటే, నవ్వుకుంటా అయినా ఆ మూలకు పోకుండా ఉంటాంటిమి గదా."

ఆమె నాకు టీ ఇచ్చింది, గేటుదాకా వచ్చింది. మర్యాదలో లోపం లేదు. కానీ ఆ రోజు తర్వాత హేమ నాకు తనంతట తాను ఫోన్ చేయలేదు.

నాలుగు నెలలకు, కర్ర సాయంతో నడవగలిగాక, శివే ఫోన్ చేశాడు. "వదినా, ఆ పెద్దమ్మను ఒకసారి సూడాల," అన్నాడు. నేనే కారులో తీసుకుపోయాను. హేమ రాలేదు.

పెద్దమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. శివ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. తానెవరో చెప్పలేదు.

"యా ఊరప్పా మీది?" అని అడిగింది.

"బనగానపల్లె పెద్దమ్మా."

"కాలికేమాయ?"

"పడినా."

"సూసుకొని నడుసప్పా," అంది పెద్దమ్మ, చింతపిక్క పక్కకు విసిరేస్తూ.

అంతే మాట్లాడుకున్నది. శివ కాసేపు ఆమె చేతులు చూస్తూ కూర్చొని, ఆమె కాళ్ళకు మొక్కి లేచాడు. ఎందుకు మొక్కుతున్నాడో తెలియక ఆమె కంగారుపడి, "సల్లగుండు నాయనా," అంది.

కారులో శివ కర్రను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కమలాపురం దాటేదాకా ఆగి, నీళ్ళలో విన్నది ఆ గొంతేనా అని అడిగాను.

"అడగొద్దు వదినా," అన్నాడు శివ. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.