మేస్టారి అగ్గిపెట్టె

మా సైన్సు మేస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. మైక్రోస్కోపు కింద నా కణాలు శుభ్రంగా బతికే ఉన్నాయి. వాటిని చూడబుద్ధి కాలేదు.

భావనపాడు దగ్గర మా హైస్కూల్లో ఆయన పాఠం జీడిపప్పుతో మొదలయ్యేది. పొట్టు తీయని పప్పులు రెండు తెచ్చి, ఒకదాన్ని గోటితో గీరి, రెండింటినీ అగ్గిపెట్టెలో పెట్టి నెలల తరబడి బీరువా మీద ఉంచేవారు. తర్వాత అందరిచేతా వాసన చూపించేవారు. గీరిన పప్పు పాడైన నూనె కంపు కొట్టేది. "సూసారా, లోపల నూనెకి గాలి తగిలింది. కణం పొరా కొవ్వుతో సేసిందే. పొర సెడితే కణం పోతాది," అనేవారు. మేం పుస్తకంలో మాట అప్పజెబితే ఒప్పుకునేవారు కాదు. "కంఠతా పట్టింది కాదే, నువ్వు సూసింది సెప్పు." బాగున్న పప్పు చాలాసార్లు నాకే పెట్టేవారు.

ఆ పొర పిచ్చే నన్ను పరిశోధనలోకి లాగింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోనే నిప్పురవ్వల్లాంటి అణువులు పుట్టి పొరలను పాడుచేస్తాయి. నేరుగా అక్కడికే చేరి వాటిని ఆపే యాంటీ ఆక్సిడెంట్ల మీద నా పని.

మా వైపు చాలామందికి లాగే ఆయనకూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. నిరుడు చూడ్డానికి వెళ్లి నా పని గురించి చెబితే ఆయన లేచి కూర్చున్నారు.

"అంటే ఊరంటుకున్నాక కాదు, పొయ్యి కాడే నీళ్లు సల్లుతాదన్నమాట! నాకు పనికొస్తాదేటే?"

గాజు పళ్లెంలో కణాలకే పనిచేసింది, మనుషుల సంగతి ఇంకా తెలీదు అనాలి. ఆ ముఖం చూసి, "వస్తుంది మేస్టారూ, దగ్గర్లోనే ఉంది," అనేశాను.

చూడనిది ఒప్పుకోని మనిషి నా నోటిమాట నమ్మేశారు. డయాలసిస్ మొదలెడదామని డాక్టరు ఎంత చెప్పినా వాయిదా వేస్తూ వచ్చారట. ఆయన పోయిన పదో రోజున వెళ్తే ఆయన భార్య చెప్పారు. "'నా సిస్యురాలి మందు వస్తాది, మిసనెందుకు' అనీవోరమ్మా." ఆవిడ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

వచ్చేటప్పుడు ఒక అగ్గిపెట్టె నా చేతిలో పెట్టారు. నేను మాటిచ్చిన రోజే మేస్టారు గీరినదీ గీరనిదీ రెండు పప్పులూ అందులో సర్దారట. పైన ఆయన గుండ్రటి అక్షరాలు: 'మందు వచ్చాక తెరవాలి.'

తెరవలేదు. ల్యాబ్‌లో నా బల్ల మీదే ఉంది. మూత తీయకుండానే వాసన వస్తోంది.