అత్త చేతికి అందిన అడ్డసరం

మా అత్తకు కంటిచూపు బాగా తగ్గిపోయిన ఏడాదే తిరుత్తణిలో మా ఇంటి వెనక కంచె వేయాల్సి వచ్చింది. ఇంటికీ మగ్గాల కొట్టానికీ మధ్య దారిలోకి పక్కింటి మేకలు వచ్చి పడుతుండేవి.

"వాక్కాయ చెట్లు పెడదాము. ముళ్ళుంటాయి, మేక దూరదు" అన్నాడు మా ఆయన.

"ముళ్ళుంటే అత్త యాడ చెయ్యి పెట్టి నడుస్తాది మావా?" అన్నాను.

ఆయన వాక్కాయ మాట వదిలేశాడు. మర్నాడు కొండ కింది నుంచి అడ్డసరం కొమ్మలు కోసుకొచ్చాడు. ఆ ఆకు చేదుకు మేక మూతి పెట్టదు. మండుటెండల్లోనూ పచ్చగానే ఉంటుంది. దారి పొడుగునా దగ్గర దగ్గరగా నాటాం. రెండు వానాకాలాలకు నడుమెత్తు పెరిగితే, పైన కత్తిరించి గుబురుగా చేశాం.

అంతవరకూ అత్తను నేనే చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయేదాన్ని. ఒక ఉదయం నేను మగ్గం మీద ఉండగా గడప దగ్గర అలికిడైంది. చూస్తే అత్త ఒక్కతే నిలబడి ఉంది.

"ఆకులు పట్టుకోనే వచ్చేసినా. ఎవురూ తోడు రాలా" అంది నవ్వుతూ.

నేను కంగారుగా లేవబోయాను.

"నువ్వు లేవద్దు, నేస్తా ఉండు. రాట్నం యాడుండాదో చెప్పు, నూలు కండెలు చుడతా."

చెప్పాను. ఆమె తడుముకుంటూ వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది. ఆ పూట నాకు రెండుసార్లు పోగు తెగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి సరిగా కనిపించలేదని అత్తకు చెప్పలేదు.