ఐస్‌క్రీమ్ పెట్టెలో అల్లుడి వాటా

పెళ్లయిన మొదటి ఏడాదే అత్తగారి ఊళ్లో పరువు పోగొట్టుకున్న అల్లుళ్లు చాలామందే ఉంటారు. తాగి పడిపోయినవాళ్లు, పేకాటలో ఉంగరం పోగొట్టుకున్నవాళ్లు, మరదలి ముందు ఈత కొట్టబోయి మునిగినవాళ్లు. వాళ్లంతా నాకంటే నయం. నేను కిలో మేకమాంసం దగ్గర పరువు పోగొట్టుకున్నాను. అదీ ఆశపడి తిని కాదు, తినకుండా తప్పించుకోవాలని చూసి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఆ ఊళ్లోవాళ్లు నవ్వడం ఇప్పటికే అయిపోయింది కాబట్టి, మీరు కొత్తగా నవ్వినా నాకు పోయేదేమీ లేదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. ఖమ్మంలో ఒక మందుల ఏజెన్సీలో నా ఉద్యోగం. గడువు తీరిన మందులు ఏరి పక్కన పెట్టడం నా పని. రోజంతా తేదీలు చూసీ చూసీ, నాకు లోకమంతా గడువు తీరిపోయినట్టే కనబడేది. ఖానాపురం హవేలిలోని మా కిరాయింట్లో పెరుగు పుల్లగా ఉంటే పాతదని అనుమానించేవాణ్ణి, కమ్మగా ఉంటే ఏదో కలిపారని అనుమానించేవాణ్ణి. ఇదంతా చూసి మా ఆవిడ స్వరూప ఒకరోజు అడిగింది, "నన్ను చూసుకోనీకి వచ్చిననాడు గూడ గిట్లనే తేదీ ఎతికినవా?" నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఆమెకు నా మీద అనుమానం వచ్చింది.

స్వరూప వాళ్లది కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, రోడ్డుకు రెండు పక్కలా టేకుచెట్లు మొదలయ్యాక వచ్చే ఊరు. అక్కడ వానాకాలంలో ముత్యాలమ్మ పండుగ చేస్తారు. అమ్మవారికి కోసిన మేకను ఇంటివాళ్లు వాటాలు వేసుకుంటారు. ఆ ఇంటికి కొత్త అల్లుడుంటే అతనికో వాటా తీయాల్సిందే. అల్లుడు రాకపోతే ఆ వాటాను వేరేవాళ్లు తినకూడదు, పారేయకూడదు, అతను వచ్చేదాకా దాచాలి. అది మా అత్తగారింటి పద్ధతి. మా పెళ్లయ్యాక వచ్చిన ఆ మొదటి పండుగకు నాకు సెలవు దొరకలేదు. సెలవు ఇవ్వనివాడు మా ఓనరు, శిక్ష పడింది నాకు.

అత్తగారింట్లో ఫ్రిజ్ లేదు. అందుకని నా వాటాను కవర్లో కట్టి, ఎదురుగా ఉన్న యాకూబ్ చాచా కూల్‌డ్రింకుల దుకాణంలో ఐస్‌క్రీమ్ పెట్టె అడుగున పెట్టించారు. ఊరందరికీ ఆ పెట్టే దిక్కు. చేపలు, జున్ను, పెళ్లిళ్లలో మిగిలిన స్వీట్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరి ముల్లె వాళ్లకు మారకుండా ఇస్తాడని చాచాకు పేరు. తన పద్ధతిలో కోసిన మాంసం తప్ప ఆయన ముట్టడు. అయినా అమ్మవారి మేకకు పెట్టెలో ఓ మూల ఇచ్చాడు.

ఇక అక్కడినుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"అల్లుడుగారూ, మీ వాటా అట్లనే ఉన్నది. ఎప్పుడొస్తరు?"

"వస్త అత్తమ్మా. జర పని తక్కువైనంక వస్త."

ముందు కార్తీకం అడ్డం వచ్చింది. తర్వాత ఏజెన్సీలో సరుకు లెక్కలు. ఆ తర్వాత వారాలు అడ్డం వచ్చాయి. సోమవారం నేను ముట్టను. మంగళవారం మామయ్య ముట్టడు. గురువారం స్వరూప ముట్టదు. శనివారం అత్తమ్మ మాంసాన్ని ఇంటి గడపే తొక్కనివ్వదు. దేవుళ్లందరూ వంతులేసుకుని ఆ కవరుకు కాపలా కాస్తున్నట్టుండేది. అలా చలికాలం కూడా వెళ్లిపోయి ఎండలు ముదిరాయి. అడవి పక్క ఊరు, గాలి వీస్తే కరెంటు పోతుంది, వీయకపోయినా పోతుంది. ఒకసారి గాలివానకు స్తంభాలు పడి రెండు రోజులు కరెంటే లేదని స్వరూపే చెప్పింది. అది విన్నప్పటినుంచీ ఆ మాంసం కరగడం, గడ్డకట్టడం, మళ్లీ కరగడం నాకు కలలోకి రాసాగింది.

"ఫోన్ల చూసిన. గన్ని నెలలున్న మాంసం తినొద్దంట," అన్నాను స్వరూపతో.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో డాక్టరు."

"ఆయనకు అత్తమ్మ ఉన్నదా?"

"గదంతా నాకేం తెలుసు. నేనైతే తినను."

"నువ్వు తినకుంటే మా అమ్మ ఏడుస్తది. తింటే నువ్వు ఏడుస్తవు. నువ్వు ఏడ్చుడే నయం," అని తేల్చేసి, ఆమె ఒకరోజు ముందే బస్సెక్కి పుట్టింటికి వెళ్లిపోయింది.

నా తెలివి అప్పుడు పనిచేసింది. ఆ రోజు పనిచేయకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. దారిలో తాజా మాంసం కొని, ఆ కవర్లో ఇది పెట్టి, అందులోది పారేస్తే సరి. అత్తమ్మ ఏడవదు, నేను ఏడవను, నా కడుపు ఏడవదు.

శుక్రవారం పొద్దున్నే బండి మీద బయల్దేరాను. కొత్తగూడెంలో రోడ్డు పక్క మేకలు కోసి వేలాడదీసిన కొట్లు కనిపించాయి గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఆ మేక ఎప్పటిదో, ఆ ఈగ ఎక్కడిదో. వెతికి వెతికి అద్దాల తలుపులున్న ఒక మాంసం దుకాణంలోకి వెళ్లాను. లోపల చల్లగా ఉంది. మాంసం తెల్లటి పళ్లెంలో ఉంది, పైన పల్చటి కాగితం, కాగితం మీద స్టిక్కరు, స్టిక్కరు మీద ఆనాటి తేదీ. నొక్కి చూస్తే బండరాయిలా ఉంది.

"ఏంది, గింత గట్టిగున్నది?"

"ఫ్రెష్ సార్. ఫ్రెష్‌గ గడ్డకట్టిచ్చినం."

తేదీ కనబడితే నేను చిన్నపిల్లాడిలా మెత్తబడిపోతాను. మరో మాట అడగకుండా కొనేశాను.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం అవుతోంది. ఇంటికి పోకుండా ముందు దుకాణం ముందే బండి ఆపాను. యాకూబ్ చాచా తెల్ల టోపీ సర్దుకుంటూ బయటికి వస్తున్నాడు.

"సమయానికొచ్చినవ్ అల్లుడు సాబ్. నమాజుకు పోయొస్త. దుకాణం జర చూస్తవా?"

"పోయిరా చాచా. నేనున్న గద."

ఆయన నిశ్చింతగా వెళ్లిపోయాడు. నేను పెట్టె మూత ఎత్తాను. కరిగి, మళ్లీ గడ్డకట్టి వంకర తిరిగిన పుల్ల ఐసులు పైన ఉన్నాయి. వాటిని చూడగానే నా అనుమానానికి సగం బలం వచ్చింది. అడుగున పసుపుదారం కట్టిన కవరు దొరికింది. మా అత్తగారు ఏది కట్టినా పసుపుదారంతోనే కడుతుంది.

పైకి తీసి నొక్కాను. మెత్తగా ఉంది. అన్ని నెలలు మంచులో ఉన్నది మెత్తగా ఎందుకుంటుంది? పెట్టె పనిచేయడం లేదన్నమాట. కవరు మీద మంచు పెచ్చు ఒక్కటీ లేదు. నిన్నో మొన్నో కరిగిపోయిందన్నమాట. దారం విప్పాను. మాంసం ఎర్రగా నిగనిగలాడుతోంది. అంత పాత మాంసానికి ఆ రంగు ఎక్కడిది, ఏ మందో కొట్టి ఉండాలి. కార్జం ముక్కలు తళతళ మెరుస్తున్నాయి. వాసన చూశాను. ఏ వాసనా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వాసన కూడా చచ్చిపోయిందంటే అది ఎంత పాతదై ఉండాలి?

మీకు ఈపాటికే ఏదో అర్థమవుతూ ఉంటుంది. నాకు అవలేదు. అనుమానం ఒకసారి నెత్తికెక్కితే ఎదురుగా ఉన్నది కనబడదు.

గబగబా నా పళ్లెం మీది కాగితం చింపి, గడ్డను కవర్లో కుక్కి, పసుపుదారం మళ్లీ కట్టి అడుగున పెట్టేశాను. పాతదాన్ని దుకాణం వెనకకు తీసుకెళ్లి కుక్కల ముందు కుమ్మరించాను. నాలుగైదు కుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయి, నేల కూడా నాకాయి. పాపం మూగజీవాలు, వీటికి మంచీచెడూ తెలియదని జాలిపడ్డాను. చాచా వచ్చాక దుకాణం అప్పజెప్పి, అప్పుడే వచ్చినట్టు మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాను.

సాయంత్రం అత్తమ్మ కవరు తెచ్చి పళ్లెంలో పెట్టింది. ఠంగుమని మోగింది. ఆమె దారం వైపు చూసింది, గడ్డ వైపు చూసింది, మళ్లీ దారం వైపు చూసింది. గడ్డను నీళ్లలో వేసింది. తర్వాత కుక్కర్ ఎక్కించింది. కూత మీద కూత వచ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి, "ఏం ఉడుకుతున్నది?" అని అడిగి పోయారు. ఎంత ఉడికినా అది ఉడకనే లేదు. చివరికి గ్యాసు మీద జాలిపడి దింపేశారు.

పీటలు వేశారు. నా కంచంలో ముందుగా వడ్డించారు. నేను ధైర్యంగా ముక్క నోట్లో పెట్టుకున్నాను. పళ్లు దిగలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. పక్కన మామయ్య కళ్లు మూసుకుని దవడలు ఆడిస్తున్నాడు.

"ఎట్లున్నది అల్లుడుగారూ?" అంది అత్తమ్మ. ఆ గొంతులో అనుమానం ఉంది.

"చాన బాగుంది అత్తమ్మా. అమ్మవారి ప్రసాదం గద," అన్నాను, ముక్కను బుగ్గలోకి నెట్టి.

ఆమె గరిటెతో గిన్నె అడుగు దాకా వెతికింది. వెతికి, గరిటె అక్కడే వదిలేసి వాకిట్లోకి పోయింది.

"ఓ యాకూబన్నా, గిటు రా."

చాచా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నా ముల్లె ఎవరికిచ్చినవన్నా?"

"గదేంది చెల్లె. నీదే నీకిచ్చిన. పసుపుదారం చూడలేదా?"

"దారం నాదే. లోపటిది నాది కాదు. కార్జమేది? తొడముక్కలేవి? పొద్దున నా చేత్తోని..." అని ఆగి, నా వైపు చూసి, గట్టిగా దగ్గింది. "గదే, పండుగనాడు పొద్దున నా చేత్తోని పెట్టిన."

"అవ్ చెల్లె, పొద్దున నువ్వు..." అని చాచా మొదలుపెట్టగానే అత్తమ్మ మళ్లీ దగ్గింది. చాచా కూడా దగ్గాడు. "అవ్, పండుగనాడు పొద్దున," అన్నాడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఇద్దరికీ జలుబు చేసిందని.

"మరి నా మాంసమేమాయె?" అంది అత్తమ్మ. "ఎవరికో ఇచ్చి, వాళ్లది నాకిచ్చినవ్."

చాచా మొహం పాలిపోయింది. "ఇన్నేండ్ల సంది ఊరోళ్ల ముల్లెలు దాస్తున్న. ఒక్కటి మారలే. ఇయ్యాల నువ్వే గిట్లంటే, రేపటి సంది ఎవరన్న నన్ను నమ్ముతరా? చెప్పు. పెట్టెల ఉన్నయన్నీ తీస్కపొమ్మని చెప్త అందరికీ."

ఆయన దుకాణం వైపు తిరిగాడు. నన్ను నమ్మి దుకాణం వదిలి, దేవుడికి దండం పెట్టుకోవడానికి వెళ్లిన మనిషి. నాకు నిజంగా సిగ్గేసింది. నోట్లో ముక్క చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాను.

"చాచా మార్చలే అత్తమ్మా. నేను మార్చిన."

అందరూ నా వైపు తిరిగారు. ఇంటిల్లిపాదిలో స్వరూప ఒక్కతే ఆశ్చర్యపోలేదు.

"మీరెందుకు మార్చిండ్రు?" అంది అత్తమ్మ.

"పాతదైపోయింది గద అని. నా కోసం కాదు, అందరి పానం కోసం..."

"మరి నాది ఏం జేసినవ్?" ఆ కంగారులో 'మీరు' ఎగిరిపోయింది.

"కుక్కలకేసిన."

అత్తమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. "ఇయ్యాల పొద్దున కోసిన మేక, కొడుకా," అంది.

అప్పుడు బయటికి వచ్చింది అసలు సంగతి. గాలివానకు కరెంటు పోయినప్పుడే పండుగ వాటా పాడవబోయింది. పారేస్తే అమ్మవారికి కోపం, తింటే అల్లుడికి అన్యాయం. ఏం చేయాలో తోచక ఆమే, మామయ్యే వండుకుని తినేశారు. తిన్నామని నాతో చెప్పడానికి మొహం చెల్లక, వాటా ఉందని ఫోన్లో చెబుతూ వచ్చింది. నేను వస్తున్నానని తెలిసి ఆ పొద్దునే ఊళ్లో మంచి మేకను చూసి కోయించి, నాకని తొడముక్కలు, కార్జం ఏరి, చాచాతో ఒట్టు వేయించుకుని పెట్టెలో దాచింది. చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మామయ్య మాత్రం ఇంకా నములుతూనే ఉన్నాడు.

"మరి నేను నములుతున్నదేంది?" అన్నాడు.

"కొత్తగూడెంల కొన్న మామయ్యా. మంచి దుకాణమే. మీద ఇయ్యాల్టి తేదీ గూడ ఉన్నది."

"మేక సచ్చిన తేదీనా, కాయితం అంటించిన తేదీనా?"

తేదీలు చూసి జీతం తీసుకునే నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. ముందు చాచా నవ్వాడు. తర్వాత స్వరూప. ఏడుస్తున్న అత్తమ్మకు నవ్వు ఆగక ఎక్కిళ్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడు నా వాసన పట్టుకుని ఆ కుక్కలన్నీ వాకిట్లోకి వచ్చి, నా వైపు ప్రేమగా చూస్తూ వరసగా కూర్చున్నాయి.

మామయ్య ముక్కను కంచం అంచున పెట్టి, వాటిని తేరిపార చూశాడు.

"అల్లుడి వాటా తిన్నోడే అల్లుడు గద. వాళ్లకు గూడ పీటలెయ్యిన్రి."

అంతే. ఇప్పుడు ఆ ఊళ్లో నన్నెవరూ పేరు పెట్టి అడగరు. పండుగ దగ్గర పడితే అత్తమ్మ ఫోను చేసి, "అల్లుడుగారూ, మీరు జల్దీ రాండి, మీ తోడల్లుళ్లు రోజూ వాకిట్ల కూసోని ఎదురుచూస్తున్నరు," అంటుంది. వెనక మామయ్య దగ్గు వినిపిస్తుంది. అది జలుబు కాదని ఇప్పుడు నాకు తెలుసు.

కాబట్టి పాఠకులారా, ముత్యాలమ్మ సాక్షిగా, యాకూబ్ చాచా ఐస్‌క్రీమ్ పెట్టె మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. అత్తగారు పెట్టింది మెత్తగా ఉన్నా, గట్టిగా ఉన్నా, ఎర్రగా ఉన్నా, నల్లగా ఉన్నా, నోరు మూసుకుని తింటాను. తేదీ అడగను, వాసన చూడను, దారం విప్పను. ఈ మాట తప్పిననాడు నా తోడల్లుళ్లందరూ కలిసి నన్ను ఊరి పొలిమేర దాకా తరమాలి.