మూడో ఉత్తరం అక్క

గోడ అవతల పావురాల గుంపు ఒక్కసారిగా లేచినట్టు చప్పుడైంది. లేచి, ఆగి, మళ్ళీ లేచింది. మునిసిపల్ ఆఫీసు రెండో అంతస్తులో, ఇక్కడి ఉద్యోగి ఒకరి గురించి పత్రికకు రాద్దామని వచ్చి, వరండా చివరి బల్ల మీద కూర్చుని ఆ రెక్కలనే వింటున్నాను. తలుపు తెరిచాక తెలిసింది, అవి రెక్కలు కావు, కాగితాలు. కుట్టు మిషనంత యంత్రం ఒకటి నోటీసులను మూడు మడతలు పెట్టి కవర్లలోకి తోస్తోంది. జారిపడుతున్న కవర్లను రెండు చేతులా ఒడిసిపడుతూ ఒకామె నిలబడి ఉంది.

"రండి, కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికో కాలు పొట్టి," అంది, నా వైపు చూడకుండానే.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, వేళ్ళ చివర ఎప్పటికీ వదలని సిరా. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఒకటే. ఆపకూడని చోట బండి ఆపి, చలానా కట్టకుండా ఊరుకున్నవాళ్ళ దగ్గర దాన్ని రాబట్టడం. చలానా బండి అద్దానికి అంటించిన రెండు వారాలకు మొదటి ఉత్తరం వెళ్తుంది. నెల తర్వాత రెండోది, కాస్త కోపంగా. ఆ తర్వాత మూడోది. దానికీ పలక్కపోతే కాగితం కోర్టుకు, కోర్టు నుంచి జప్తువాళ్ళకు, బండి వేలానికి.

ఆ మూడో ఉత్తరం కింద ఆమె తన పెన్నుతో ఒక వాక్యం రాస్తుంది. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే ఈ నంబరుకు చేయండి, ఫోను నేనే ఎత్తుతాను, అని. అలా రాయమని ఏ రూల్లోనూ లేదు. రాయొద్దనీ లేదు. ఆఫీసులో అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరికీ ఆమె మూడో ఉత్తరం అక్క.

"రోజూ ఎంతమంది చేస్తారు?" అని అడిగాను.

"తిట్టడానికా, చెప్పుకోడానికా? తిట్టేవాళ్ళు పొద్దున్నే చేస్తారు. చెప్పుకునేవాళ్ళు మధ్యాహ్నం దాకా తటపటాయిస్తారు."

ఆ మాట పూర్తయిందో లేదో ఫోను మోగింది. గోడ గడియారంలో ఒంటిగంటా పది.

అవతలి గొంతు పెద్దది. నాకూ వినిపిస్తోంది. ఆయన కత్తులు సానపట్టే మనిషి. సానయంత్రం వ్యాన్‌లోనే బిగించుకుని హోటళ్ళ వెనక గుమ్మాల దగ్గర ఆగుతాడు. ఐదు నెలల క్రితం మార్కెట్ వీధిలో ఓ హోటల్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు ఆపరేషన్లు, ఆ తర్వాత వేరే ఊళ్ళో చెల్లెలింట్లో మంచం. ఈ ఉదయమే ఇల్లు చేరి తలుపు తోస్తే సగం దాకానే తెరుచుకుంది. వెనక ఉత్తరాల గుట్ట.

"ఇరవై మూడు చలానాలమ్మా. నేను ఆపింది ఒక్కసారే. ఒక్కసారికి ఇరవై మూడా?"

"తీయకపోతే ఏ రోజుది ఆ రోజే బాబూ."

"తీయాలంటే నేను లేచి నడవాలి కదమ్మా. తాళంచెవి నాతోపాటే ఆస్పత్రికొచ్చింది." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ మూడింటికి వేలం అని రాశారు. యంత్రం దాంట్లోనే ఉంది. మా నాన్న నుంచి వచ్చింది. అది పోతే నాకు వేరే పని రాదు."

ఆమె ఓదార్చలేదు, మాటివ్వలేదు. "వేలం యార్డుకి వచ్చేయండి. కర్ర ఉందా? మెల్లగా రండి. పరిగెత్తడం మా వంతు," అని ఫోను పెట్టేసింది.

బీరువాలోంచి ఫైలు లాగింది. చలానాకొక ఫొటో చొప్పున ఇరవై మూడు ఫొటోలు. మడతల యంత్రం ఆపేసి, బల్ల ఖాళీ చేసి, పేకముక్కల్లా వరసగా పరిచింది. ఒకే నీలం వ్యాను, ఒకే గోడ. మొదటి ఫొటోలో బానెట్ మీద ఎండ. ఐదో దాంట్లో రెండు ఆకులు. పదో దాంట్లో ఆకులు తడిసి అతుక్కున్నాయి. పదిహేనో దాంట్లో ఒక పిల్లి పడుకుని ఉంది. ఒక వీధిలోని ఒక నెల అంతా ఆ అద్దం మీద నుంచి నడిచిపోయింది. నేను ఆకులనూ పిల్లినీ చూస్తున్నాను. ఆమె కింది మూలలు చూస్తోంది.

"ఇక్కడ." వేలు పెట్టింది. "ఇక్కడ కూడా. ఇక్కడా."

వంగి చూశాను. ముందు చక్రం దగ్గర, ఫొటో తెగిపోయే అంచున, గోరంత పసుపు.

"మొదటి దాంట్లో లేదు. రెండో రోజు నుంచి అన్నిట్లో ఉంది," అంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఇది మన తాళమండీ. చక్రానికి వేసే ఇనప తాళం. రెండో రోజు పొద్దున్నే తాళాల సెక్షన్ వచ్చి బిగించి వెళ్ళింది. ఆ తర్వాత చలానాల సెక్షన్ రోజూ వచ్చి, ఇంకా ఎందుకు తీయలేదని చీటీ అంటించింది. వాళ్ళ చలానా మిషను ఫొటోలో అద్దమూ నంబరూ పడితే చాలంటుంది, చక్రం అడగదు. కాళ్ళు మనమే కట్టేసి, పరిగెత్తలేదని కొట్టాం."

ఆమె గొంతు వణికింది. కోపమనుకున్నాను. కాదు. వలలో చేప కదిలినప్పుడు చేతికి తెలిసే వణుకు అది.

వేలం ఆగాలంటే పాట ముగిసేలోపు సూపర్నెంటు సంతకం పెట్టిన చీటీ యార్డులో ఉండాలి. ఆయన సంతకం పెట్టాలంటే తాళం ఏ రోజు వేశారో ఆ సెక్షన్ వాళ్ళు రాసివ్వాలి. ఆ సెక్షన్ సెల్లార్‌లో ఉంది. దాని ఇన్‌చార్జి ఆమె సొంత మరిది.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్ల మీద ఆమె చెప్పులు టపటపలాడుతుంటే ఫైలు మోస్తూ నేను వెనకపడ్డాను.

సెల్లార్ నిండా పసుపు ఇనుము. గోడకు వేలాడే తాళాలు, గ్రీజు వాసన. మరిది టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు.

"వదినా, నువ్విక్కడికా? అన్నయ్య బాగానే ఉన్నాడా?"

"మీ అన్నయ్యకేం, దివ్యంగా ఉన్నాడు. రిజిస్టరు తియ్యి."

తీశాడు. తేదీ ఉంది. రెండో రోజు, ఉదయం ఆరున్నర, నీలం వ్యాను. సంతకం అతనిదే. ఫొటోలు చూశాడు, రిజిస్టరు చూశాడు, మెడ రుద్దుకున్నాడు.

"రాసిస్తే నాకు మెమో వస్తుంది వదినా. తాళం వేసినట్టు పైకి చెప్పలేదని నా మెడకే చుట్టుకుంటుంది."

"చెప్పావా?"

"చెప్పమని ఎవరూ అడగలేదు."

"నేనూ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా నా గదికి నీ గది మూడు అంతస్తుల కిందే ఉంది. ఒక్కనాడూ దిగి రాలేదు. మెమో వస్తే ఇద్దరికీ రావాలి. రాయి."

"ఆదివారం భోజనానికి పిలిచి మరీ ఇలా చేస్తావా?"

"రాయకపోతే ఆదివారం ఆ కంచం ముందు ఎలా కూర్చుంటావు చెప్పు."

అతను పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. ఆమె తనది ఇచ్చింది.

సూపర్నెంటు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారికి గడియారం రెండూ పదిహేను. "ఇది మన పరువు తీసే కాగితమమ్మా," అన్నాడు.

"బండి అమ్మేశాక బయటపడితే పరువుతోపాటు ఇంకా చాలా పోతాయి సార్."

ఆయన కిటికీలోంచి చూశాడు. ఆమె ఆయన పెన్ను వైపు చూసింది. సంతకం పడింది.

తాళాల లారీలోనే బయల్దేరాం. మరిది స్టీరింగు దగ్గర, ఆమె మధ్యలో, నేను తలుపు పక్కన, వెనక నుంచి ఇనప తాళాలు గలగలా. ప్రతి సిగ్నలూ ఎర్రగా ఎదురొచ్చింది. ఊరంతా ఆరోజు రోడ్డు దాటాలనే నిశ్చయించుకున్నట్టుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. నిమిషాలు లెక్కపెడుతోంది. మూడు దాటి పది నిమిషాలకు యార్డు చేరాం. మరిది గేటు ముందే బ్రేకు వేశాడు.

"ఇక్కడ ఆపకు."

"వదినా, అక్కడ పాట నడుస్తోంది."

"గేటుకి అడ్డం. గీతల్లో పెట్టు."

గీతల్లో పెట్టాడు.

తర్వాత ఆమె పరిగెత్తింది. రేకుల షెడ్డు కింద నలభైమంది, బల్ల మీద నిలబడ్డ వేలం మనిషి. నీలం వ్యాను పక్కనే ఉంది, బానెట్ మీద ఎండిపోయిన ఆకులతో. కంచె దగ్గర రెండు కర్రల మీద వాలి ఒకాయన ఆ బండినే చూస్తున్నాడు.

"రెండోసారి," అన్నాడు వేలం మనిషి. మేకు కొట్టినట్టు అందరూ కదలకుండా ఉన్నారు. జనం భుజాల మధ్యనుంచి సిరా అంటిన చెయ్యొకటి పైకి లేచింది, దాని చివర చీటీ.

"పాట పెంచుతున్నారా అమ్మా?"

"ఆపుతున్నాను."

ఆయన చీటీ చదివాడు. చిన్న సుత్తిని జేబులో పెట్టుకుని, "తర్వాతి బండి," అన్నాడు. అంతే.

సానపట్టే మనిషి కర్రలు చప్పుడు చేసుకుంటూ వచ్చి వ్యాను వెనక తలుపు తెరిచాడు. సానచక్రం మీద అరచెయ్యి వేసి ఒక్క తిప్పు తిప్పాడు. అది మెత్తగా, చాలాసేపు తిరిగింది.

"మొదటి రోజు చలానా మాత్రం మీరు కట్టాలి," అంది ఆమె. "అది మీదే. మిగతా ఇరవై రెండూ మావి. చక్రానికి తాళం వేసింది మేమే, ఇదిగో ఇతనే."

"కడతానమ్మా. కట్టకపోతే మళ్ళీ తాళం వేసేలా ఉన్నాడు ఆయన."

మరిది నేల చూపులు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ తర్వాత ఆయన కర్రల్లో ఒకటి తను పట్టుకుని, చెయ్యి ఆసరా ఇచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

నేను ఆమెకు వీడ్కోలు చెప్పడానికి గేటు దాకా వచ్చాను. ఆమె చెవులు ఇంకా ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగి ఉంది. యార్డు గుమాస్తా దగ్గర తీసుకున్న జాబితా ఒకటి చేతిలో విప్పి, వేలితో వరసలు దిగుతోంది. వరస చివర వేలు ఆగింది.

"వచ్చే వారం వేలానికి ఇంకా పదకొండు బళ్ళున్నాయండీ. వాటి ఫొటోల్లో చక్రాలు నేను చూడలేదు. బస్సు అదిగో వస్తోంది, మీరు ఎక్కండి. నాకు లోపల పనుంది."