డైనోసారుకి కన్ను పెట్టిన రోజు

మా ఆయన లక్ష్ముడు గోడల మీద బొమ్మలు వేస్తాడు. ఫ్లెక్సీలొచ్చి కొట్ల బోర్డులు చాలావరకు పోయాయి గానీ, శ్రీకాకుళం చుట్టుపక్కల బడులూ గుళ్ళూ ఇంకా ఆయన్నే పిలుస్తాయి. ఆయనకి చెయ్యి ఉంది, నాకు నోరు ఉంది. ఇన్నేళ్ళ కాపురం అలాగే నడిచింది.

పోయిన వానాకాలం నుంచి ఆ చెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను. తర్వాత ఒక బియ్యం కొట్టు మీద రాసిన అక్షరాలు వంకర పోతే, కొట్టాయన పైన సున్నం కొట్టించేశాడు. పెద్దాసుపత్రికి పోదామని రోజూ పోరేదాన్ని.

"నాకేటీ అవ్వలేదే. నీరసం," అనేవాడు.

"నీరసమేటి? గ్లాసు పట్టుకోలేకపోతన్నావు!" అని అరిస్తే, చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాడు. డాక్టరు చూస్తే కుంచె మానెయ్యమంటాడని ఆయన భయం. ఆయన చెప్పలేదు, నాకు తెలుసు.

అలాంటప్పుడు బడి నుంచి అనూరాధ టీచరు వచ్చింది. ఫోనులో ఒక బొమ్మ చూపించి, ప్రహరీ గోడ నిండా అది వెయ్యాలంది. చూసి నేను బుగ్గలు నొక్కుకున్నాను. పొట్టి కాళ్ళు, వీపంతా బుడిపెలు, పక్కల ముళ్ళు, తోక చివర రోకలిబండ లాంటి గడ్డ.

"ఓలమ్మ! తాబేలుకీ మొసలికీ పుట్టినాదేటి ఇది?"

టీచరు నవ్వింది. "డైనోసారు అత్తా. చూడ్డానికే ఇలా ఉంది గానీ, పాపం, ఆకులూ అలములూ తిని బతికేది. పెద్ద జంతువులు తినెయ్యకుండా ఒళ్ళంతా ఎముకల కవచం."

మా ఆయన ఫోను అందుకుని ఆ బుడిపెల మీద వేలు పెట్టి చూశాడు. "ఏస్తానమ్మా," అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాడు. నేను రంగులు కలిపి అందించేదాన్ని. చెప్తే నమ్మరు, వీపు మీద బుడిపెలు గోడలోంచి తన్నుకొచ్చినట్టు లేచాయి. పిల్లలు ఇంటర్వెల్లో వచ్చి తడిమి చూసి చేతులకు రంగు అంటించుకునేవారు. ఆయన ఈల వేస్తూ పని చేశాడు. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందో!

"సూసినావేటే? వణుకు తగ్గిపోనాది. ఆస్పత్రి, ఆస్పత్రి అని నా పేణం తీసేసినావు."

నేనూ నమ్మాను. నమ్మడమేమిటి, సంతోషంతో ఏడ్చాను కూడా. అంత గరుకు ఒంటి మీద వణికిన గీత కూడా గరుకులో కలిసిపోతుందని నా మట్టి బుర్రకు తట్టలేదు.

ఏ ముఖానికైనా ఆయన కన్ను ఆఖర్నే పెడతాడు. ఆ రోజు టీచర్లూ పిల్లలూ గోడ ముందు గుమిగూడారు. సన్న కుంచె నల్లరంగులో ముంచి ఆయన చెయ్యెత్తాడు. గీత జారి చెంప మీదికి పోయింది. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అయినా అంతే. కన్ను దగ్గర తప్పు దాచుకోడానికి బుడిపెలు లేవు.

పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటా నవ్వు? మూతులు పగలగొట్టేస్తాను!" అని అరిచాను.

"ఆళ్ళనెందుకే తిడతావు," అన్నాడాయన. కుంచె నా చేతిలో పెట్టాడు. "నువ్వెట్టు."

"నాకేటొచ్చు? నానెట్టను!"

"ముగ్గు సుక్క ఎట్టినట్టు ఎట్టు. నీ సెయ్యి కదల్దు."

పెట్టాను. పళ్ళు బిగబట్టి, ఆయన చూపించిన చోట నల్లటి చుక్క పెట్టి, అందులో చిన్న తెల్లటి చుక్క పెట్టాను. "మనల్నే సూస్తన్నాదిరా!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు.

టీచరు సంబరంగా, "పక్క గోడ కూడా మీకే మావయ్యా. ఈసారి నెమలి," అంది.

ఆయన అందరి ముందూ కుడిచెయ్యి చాపాడు. అది వణుకుతూనే ఉంది. "ఇంక నా వల్ల కాదమ్మా," అన్నాడు. నా వైపు తిరిగి, "పదే, పెద్దాసుపత్రికి ఎల్దాం."

ఇన్నాళ్ళూ నేను పోరింది ఆ మాట కోసమే. తీరా విన్నాక, డాక్టరు ఏమంటాడోనన్న ఆయన భయం నాకు పట్టుకుంది.

"రేపెల్దాంలే మావా," అన్నాను.