చిట్టికి పడని పాలు

మా వీధిలో ఏ దర్జీ కుట్టిన చొక్కా అయినా గుండీలు పడేది మాత్రం ఒక్క చోటే. మెట్ల కింద, ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడడానికి మాత్రమే చోటుండే గది. అందులో కాజాలు కుట్టే మిషను, దాని వెనక గుండీలక్క. ఆవిడ అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. నేను ఎదురు వరసలో దర్జీని. పద్నాలుగేళ్లుగా నా చొక్కాలన్నీ ఆవిడ చేతి మీదుగానే బయటికి వెళ్తున్నాయి. సుద్దతో నేను పెట్టిన గుర్తు కాస్త పక్కకి జరిగినా చాలు, "తమ్ముడూ, ఇలా కుడితే పొట్ట దగ్గర నోరు తెరుస్తుంది, మళ్లీ గుర్తు పెట్టు" అని వెనక్కి పంపేది. నా కంటికి ఆనని తేడా ఆవిడ బొటనవేలికి తెలిసిపోయేది.

పెళ్లయిన పదకొండేళ్లకి ఆవిడకి కూతురు పుట్టింది. అందరూ చిట్టి అనేవాళ్లం. తండ్రి దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అందుకని పిల్ల భారమంతా మెట్ల పైన ఇంట్లో ఉండే అత్తగారిదే. మధ్యాహ్నం పూట పెద్దావిడ కాసేపు నడుం వాలుస్తుంది. ఆ గంటా చిట్టి నా షాపులో ఉండేది. కాజా మిషను కత్తి చటుక్కున కిందికి పడుతుంది కాబట్టి తల్లి దగ్గర కూర్చోబెట్టడానికి లేదు. నా దగ్గర ముక్కల గుడ్డల కుప్ప మీద కూర్చుని, రంగులన్నీ చిందరవందర చేసి, వాటి మధ్య రాణిలా ఉండేది.

ఏడాది దాటాక తల్లిపాలు మాన్పించి ఆవుపాలు అలవాటు చేశారు. కష్టాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి. పిల్ల పొట్ట డోలులా ఉబ్బేది. రోజుకి ఆరేడుసార్లు విరేచనాలు. బుగ్గల మీద గరుకుగా ఎర్రటి మచ్చలు. ఉన్నట్టుండి కాళ్లు పొట్టకి ముడుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపు ఆకలి ఏడుపు కాదని పిల్లల్లేని నాకే తెలిసేది.

"పళ్లొస్తున్నాయమ్మాయ్, అంతే" అంది అత్తగారు. పళ్లొచ్చాయి, ఏడుపు పోలేదు. పాలలో నీళ్లు కలిపి చూశారు. మేకపాలు తెచ్చి చూశారు. ఏ మార్పూ లేదు.

చివరికి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, నేనూ తోడు వెళ్లాను. ఆవిడ ఓపిక గల మనిషి. పాలు తాగినప్పుడు పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఎప్పుడైనా జరిగాయా అని ముందు అడిగి, లేదన్నాక కాస్త కుదుటపడింది.

"పాలు పడట్లేదేమోనని అనుమానంగా ఉందమ్మా" అంది.

"అనుమానమా మేడమ్? పరీక్ష చేసి చెప్పలేరా?"

"ఈ రకానికి రక్తపరీక్షలో తేలదమ్మా. పాలు పూర్తిగా ఆపి చూడడమే పరీక్ష. నాలుగు వారాలు పాలు, పెరుగు, వెన్న, ఏవీ వద్దు. మేకపాలు కూడా అదే జాతి, దాంతో లాభం లేదు."

"మరి పిల్లకి ఏం పట్టను?"

దానికి డాక్టర్ చాలా సేపు చెప్పింది. సోయా పాలు, కాల్షియం కలిపినవి, తీపి కలపనివి చూసుకోమంది. సోయా కూడా కొందరు పిల్లలకి పడదు, గమనించమంది. బాదం పాలలో, కొబ్బరి పాలలో బలం తక్కువ, వాటి మీదే పిల్లని పెంచలేమంది. బియ్యంతో చేసే పాలు ఇంత చిన్నపిల్లలకి అసలే వద్దంది. ఓట్స్ పాలు పర్వాలేదు గాని పప్పులూ గుడ్డూ తోడుగా ఉండాలంది. అక్క తల ఊపుతూనే ఉంది. బయటికొచ్చాక సగమే గుర్తుందని నాతో చెప్పుకుంది.

ఆ సాయంత్రం ఇద్దరం పెద్ద బజారులో సరుకుల షాపుకి వెళ్లాం. అట్టపెట్టెల మీద చదవడానికి తోడు రమ్మంది. ఒక వరస నిండా పెట్టెలే. అన్నిటి మీదా తెల్లటి ధార గ్లాసులోకి పడుతున్న బొమ్మే.

"పిల్లలకి ఏది మంచిది బాబూ?" అని అడిగింది షాపతన్ని.

"అన్నీ మంచివేనక్కా."

"అన్నీ మంచివైతే ఇన్నెందుకు పెట్టావు?"

అతను నవ్వి వేరే బేరానికి వెళ్లిపోయాడు. మేం పెట్టెలు తిప్పుతూ నిలబడ్డాం. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. ఒకదాంట్లో కాల్షియం ఉంది, చక్కెరా ఉంది. ఒకదాంట్లో చక్కెర లేదు, కాల్షియమూ లేదు. ఒకదాని మీద 'పాల జాడలు ఉండవచ్చు' అని రాసుంది.

"ఉండవచ్చు అంటే ఉన్నట్టా లేనట్టా తమ్ముడూ?"

నాకేం తెలుసు? అరగంట తర్వాత ఒక సోయా పెట్టె పట్టుకుని బయటపడ్డాం. చొక్కా మీద నూలుపోగంత తప్పు పట్టే మనిషి, ఆ పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, ఏదో తప్పు చేస్తున్నట్టు నడిచింది.

చిట్టి ఒక గుక్క తాగి తల్లి ముఖాన ఉమ్మింది. గ్లాసు మార్చారు, గోరువెచ్చగా చేశారు, అరటిపండుతో మెదిపారు. ఉమ్మడం మానలేదు. బామ్మ టీ గ్లాసు కనిపిస్తే మాత్రం చేతులు చాపి "పా... పా..." అని వెంటపడేది. రోజుకి నాలుగు చెంచాలు లోపలికి పోతే అదే పండగలా ఉండేది వాళ్లింట్లో.

అయినా పది రోజులకి పొట్ట కొంచెం మెత్తబడింది. పన్నెండో రోజున బుగ్గల ఎరుపు తగ్గినట్టనిపించింది. అయితే మర్నాడే మళ్లీ ఎగదన్నింది. మంచిరోజు ఒకటైతే చెడ్డరోజు రెండు. అక్క ఒక పాత క్యాలెండర్ వెనక అంతా రాసుకునేది: ఏం తింది, ఎన్నిసార్లు వెళ్లింది, ఎప్పుడు ఏడ్చింది. ఎంత రాసినా లెక్క కుదరలేదు. కుదరనప్పుడు మనుషుల మీద అనుమానం వస్తుంది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. పెరుగేమైనా పెడుతున్నారా?"

"నా మీద ఒట్టు అమ్మాయ్, చెంచా కూడా పెట్టలేదు."

"మరి ఎందుకిలా అవుతోంది?"

"అది నన్నడుగుతావేం? పిల్ల ఎముకలు గట్టిపడొద్దా, పాలు లేకుండా ఎలా పెరుగుతుందని నాకూ ఉంది. అయినా నువ్వు వద్దన్నాక పెడతానా? అంత నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో నీ పిల్లని!"

మూడు రోజులు అత్తాకోడళ్లకి మాటల్లేవు. పెద్దావిడ పక్క మీదనుంచి లేవలేదు. అక్క మిషను మీద తల వంచుకుని కుట్టేది. ఆ మూడు రోజుల్లో నా చొక్కాల మీద రెండు కాజాలు వంకరపోయాయి. పద్నాలుగేళ్లలో మొదటిసారి.

నాలుగో రోజు మధ్యాహ్నం చిట్టి నా గుడ్డల కుప్ప మీద కూర్చుని చెయ్యి చాపింది. అలవాటుగా డబ్బాలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీశాను. రోజూ రెండు బిస్కెట్లు ఇచ్చేవాణ్ణి. పాలు కాదు కదా, బిస్కెట్టే కదా అని. మా మధ్య అది మాటల్లేని ఒప్పందం, వాళ్లమ్మకి చెప్పాలని ఎప్పుడూ తోచలేదు. అక్కతో పెట్టెలు చదివీ చదివీ నాకూ అలవాటైపోయినట్టుంది, చేతిలో ఉన్న ప్యాకెట్ వెనక్కి తిప్పాను. గోధుమపిండి, చక్కెర, నూనె, పాలపొడి.

రోజుకి రెండు చొప్పున, పదహారు రోజులు. చిట్టి ఇంకా చెయ్యి చాపే ఉంది. ఇవ్వకపోయేసరికి ఏడుపు అందుకుంది. పిల్లని ఎత్తుకుని, ప్యాకెట్ పట్టుకుని రోడ్డు దాటి వెళ్లాను.

"అక్కా, పెద్దావిడ తప్పేం లేదు. నేనే."

అక్క ప్యాకెట్ అందుకుని చదివింది. మిషను ఆపింది. తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. "ఇందులో కూడా ఉంటుందా తమ్ముడూ?" అంది, నన్ను కాదు, ఆ ప్యాకెట్‌నే అడుగుతున్నట్టు. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్లింది. అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చిందట. పెద్దావిడ కూడా ఏడ్చిందట. మధ్యలో చిట్టి ఇద్దరి చెంపలూ తడుముతూ తిరిగిందట.

"మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టండమ్మా" అంది డాక్టర్. నాలుగు వారాలూ కొత్తగా మొదలయ్యాయి.

ఈసారి నా షాపులో ఉడికించిన బంగాళాదుంప ముక్కలే. సోయా ఉమ్మడం మానదని తేలిపోయాక కాల్షియం కలిపిన ఓట్స్ పాలకి మారారు. పెట్టె బాగా కుదిపి పోయాలని, లేకపోతే కాల్షియమంతా అడుగునే ఉండిపోతుందని ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు వారమంతా పిల్లకి పైపైన నీళ్లే పట్టామా అని అక్క ఒక పూటంతా కుమిలింది. కానీ పిల్ల తాగింది. ఇరవై రోజులకి పొట్ట చదునయింది, బుగ్గలు నునుపు తేలాయి. మధ్యాహ్నం నా గుడ్డల మీదే నోరు తెరుచుకుని నిద్రపోయేది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు డాక్టర్, "ఇక మళ్లీ పాలు ఇచ్చి చూడాలి. తిరిగి అవే లక్షణాలు వస్తేనే ఖాయం" అంది.

"బాగయిన పిల్లకి మళ్లీ ఇవ్వాలా మేడమ్?"

"కారణం పాలు కాకపోతే ఊరికే ఏళ్ల తరబడి మాన్పించినట్టవుతుంది కదమ్మా. కొంచెం కొంచెంగా పెంచుతూ ఇవ్వండి. తేడా వస్తే వెంటనే ఆపేయండి."

అక్క రెండు వారాలు దాటవేసింది. జలుబన్నది, ఎండన్నది. చివరికి భర్త సెలవు పెట్టుకుని వచ్చి, "నేనుంటాను, ఇద్దాం. తెలియకుండా ఎన్నాళ్లుంటాం?" అన్నాడు. నన్నూ రమ్మన్నారు.

వంటగదిలో నేల మీద కూర్చున్నాం. అక్క చెంచాలో పాలు తీసింది. ఆ తెలుపు చూడగానే చిట్టి ముఖం వెలిగిపోయింది. "పా!" అని పిట్టలా నోరు తెరిచింది. తాగి, తల్లి చెయ్యి పట్టుకుని ఇంకా కావాలంది. అక్క తల పక్కకి తిప్పుకుంది.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ కాలేదు. ఏమీ కాకపోతే బాగుండునని అక్క కోరుకుంది. కాకపోతే ఇన్నాళ్లూ పిల్లని ఉత్తపుణ్యానికి మాడ్చానేమోనని భయపడింది. ఏది కోరుకోవాలో తెలియడం లేదని నాతో అంది. మూడో రోజు ఉదయం పిల్ల కాళ్లు ముడుచుకుని ఏడ్చింది. సాయంత్రానికి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు ఖాయంగా తెలిసిందమ్మా" అంది డాక్టర్.

"ఎప్పటికి తగ్గుతుంది మేడమ్?"

"చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. ఈ పిల్లకి ఎప్పుడో మాత్రం నేను చెప్పలేను. బరువు కొంచెం తక్కువుంది, నెలనెలా తీసుకురండి."

ఆరు నెలలు గడిచాయి. చిట్టి తాగే ఆ ఒక్క ఓట్స్ పాలూ షాపుకి రావడం ఆగిపోయింది. కంపెనీ పంపడం లేదన్నారు. కొత్తది పిల్లకి నచ్చలేదు. అక్క మళ్లీ ఆ వరస ముందు నిలబడి పెట్టెలు తిప్పడం మొదలుపెట్టింది. భర్త వెళ్లిన ప్రతి ఊళ్లోనూ బస్సు ఆగినప్పుడు అడుగుతాడు. ఒక్కోసారి రెండు పెట్టెలు దొరుకుతాయి, ఒక్కోసారి ఉత్త చేతులే.

మొన్న పాత చొక్కా ఒకటి ఇవ్వడానికి పైకి వెళ్తే పెద్దావిడ నాకు టీ ఇచ్చి, తనూ ఒక గ్లాసు పోసుకుంది. నల్లగా, చేదుగా ఉంది. ఇంట్లోకి పాలు తేవడమే మానేశారట. తను తాగుతుంటే పిల్ల గ్లాసు కోసం ఏడుస్తుందని, చూడలేకపోయానని చెప్పింది. అరవై ఏళ్లుగా పాలు పోసిన టీ తాగిన మనిషి.

"అలవాటైందా పెద్దమ్మా?" అని అడిగాను.

"లేదు నాయనా" అంటూ గ్లాసులో మిగిలింది కూడా తాగేసింది.