పంతులు కుర్చీ

ఆ రోజుల్లో పంజాగుట్ట దాటితే పొలాలే కనిపించేవి. మా గుర్రబ్బండి అమ్ముడైన కొత్త. లక్డీకాపూల్ వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒక నడివయసు ఆడమనిషి, ఆమె ముందు ఒక కొత్త కుర్చీ. కుర్చీ ఎవరిదని అడిగి కూర్చునే అలవాటు మా ఇంట లేదు. కూర్చోబోయాను.

"జర ఆగుండ్రి దొరా, గది పంతులు కుర్చీ," అంటూ ఆమె అడ్డం వచ్చింది.

"ఏడి పంతులు?"

"గదే అడగనీకి లక్డీకాపూల్ పోతున్న. అమీర్‌పేట అవతల మా ఊరు. సర్కారు బడి పెట్టింది. ఉన్న పంతులును వేరే ఊరికి మార్చిండ్రు, ఇంకొకరిని పంపలే. మా పోరగాండ్లు రోజు పోయి తలుపు చూసి వస్తున్నరు. గాడ బడుల ఆఫీసు దఫ్తర్ల అడిగితే, మీ బళ్ళె కుర్చీ సుత లేదు, పంతులు యాడ కూసుంటడన్నరు. ఊరంత కలిసి చేయించినం. ఇగ ఏమంటరో చూస్త."

"మీరే ఒకణ్ణి పెట్టుకోరాదా?"

"మేమెందుకు పెట్టుకోవాలె? శిస్తు వసూలుకు ఏనాడన్న మనిషి తక్కువ పడ్డడా దొరా?"

ఆ శిస్తు ఒకప్పుడు మా తాతలు వసూలు చేసిందే. అంతలో బస్సు వచ్చింది.

కండక్టరు కుర్చీని బస్సెక్కించనన్నాడు. "నడుస్త తియ్యి," అని ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

సాయంత్రం తిరుగు బస్సులోంచి చూశాను. దఫ్తరు గేటు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. పక్కనే ఆమె నిలబడి ఉంది.

బస్సులో చోటున్నా, పంజాగుట్ట వచ్చేదాకా నేను కూర్చోలేదు.